పురిటింటి సంకటి

మర్నాడు మరియమ్మ పండుగ. మెలాకు గురువు కాఫీ కాగేలోపే ఆ రోజు పనులన్నీ భార్యకు అప్పజెప్పేశాడు. తెల్లబట్టలు ఉతికి ఆరేయాలి, తలపాగా చుట్టి ఉంచాలి, సాయంత్రం దాకా తనతో ఎవరూ గొడవ పెట్టుకోకూడదు. ఏళ్ళ తరబడి ఊరేగింపులో ధూపం పట్టుకుని పక్కన నడిచినవాడికి ఈసారి వంతు వచ్చింది. పట్టుబట్టల్లో చుట్టిన పవిత్ర ఫలకాన్ని, తాబోత్‌ను, నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరిగేది ఇక తనే. వాళ్ళ తాత మోశాడు, నాన్న మోశాడు. తను మోయకుండానే కాళ్ళు సడలిపోతాయేమోనని ఆయనకు చాలాకాలంగా బెంగ.

ఒక్క పని మిగిలింది. ఊరేగింపులో పట్టే జరీ గొడుగు చిరిగితే దర్జీ అస్రెస్‌కు కుట్టడానికి ఇచ్చారు. తీరా చూస్తే రాత్రే అస్రెస్ భార్య ఆడపిల్లను కన్నది. పురిటింట్లో ముద్ద ముట్టినవాడు మర్నాడు గుడి గడప తొక్కకూడదు. మోషే నాటి కట్టుబాటది, గొజ్జాం కొండల్లో క్రైస్తవులు దాన్ని ఏనాడూ వదల్లేదు. అందుకని మెలాకు, ఆరాధనలో గురువులకు సాయపడే డీకన్ తిలాయెను పిలిచి, గొడుగు వాకిట్లోనే పుచ్చుకుని రమ్మని, లోపలికి తొంగి కూడా చూడవద్దని మరీ మరీ చెప్పి పంపాడు.

తిలాయె రాలేదు. అతన్ని వెతుకుతూ వెళ్ళిన రెండో డీకనూ రాలేదు. మూడో డీకన్ పరుగున వెళ్ళాడుగానీ నడిచైనా రాలేదు. చివరికి దెస్తా గురువు, నిగ్రహానికి పెట్టింది పేరు, తాను చూసి వస్తానని కర్ర పుచ్చుకుని బయల్దేరాడు. ఎండెక్కింది. ఆరాధన జరగాలంటే ఇద్దరు గురువులు, ముగ్గురు డీకన్లు ఉండి తీరాలి. కీళ్ళనొప్పులతో ఇల్లు కదలని పెద్దగురువును మినహాయిస్తే ఊళ్ళో ఉన్నది సరిగ్గా అంతమందే. మెలాకు చెప్పులు తొడుక్కున్నాడు.

దర్జీ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల నలుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. పళ్ళెంలో వేడి సంకటి, మధ్యలో గుంట, గుంట నిండా కారం కలిపిన వెన్న. దెస్తా మీసాలు మెరుస్తున్నాయి. పిల్లను దీవించమన్నారట, దీవించాక పెట్టింది తినకపోతే బాలింత మనసు కష్టపడుతుందట. మెలాకు వాకిట్లో రాయి మీద కూలబడ్డాడు.

అస్రెస్ అత్తగారు ఉబిత్, సంకటి గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది.

"తినరా మెలాకూ."

"పురిటిల్లు పిన్నీ. రేపు నేను తాబోత్ మోయాలి."

"మరియమ్మ కాన్పయిన చోటికి గొర్రెల కాపరులు పోలేదూ? జ్ఞానులు పోలేదూ?"

"వాళ్ళు మర్నాడు గుడికి పోలేదు."

"పోలేదని ఎక్కడ రాసుంది?"

గురువుగా తలపాగా పెట్టినప్పటినుంచి గ్రంథం చదువుతున్నవాడికి అది ఎక్కడా రాసినట్టు గుర్తు రాలేదు.

"నా తొలి కాన్పుకు మీ అమ్మ వండి తెచ్చింది," అంది ఉబిత్. "వెన్నలో ఏమేం వెయ్యాలో ఆవిడే నేర్పింది. నువ్వు ఆవిడ కొంగు పట్టుకుని వచ్చి నా గిన్నెలో వేలు పెట్టావు."

రుచి చూద్దామని మెలాకు ఒక్క వేలు ముంచాడు. అడవి ఏలకుల వాసన, అడుగున కాస్త మాడు. అమ్మ ఎప్పుడూ అడుగు మాడ్చేది. అమ్మ పోయాక ఆ మాడు ఆయనకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

తాను గడప దాటలేదని, వాకిట్లో తిన్నది లెక్కలోకి రాదని దారిపొడవునా వాదన సిద్ధం చేసుకుని, మిగతా నలుగురితో పెద్దగురువు ఇంటికి వెళ్ళాడు. పెద్దగురువు చివరిదాకా విన్నాడు.

"తప్పో ఒప్పో నన్నడక్కండి," అన్నాడు గడ్డం తుడుచుకుంటూ. "నాకు తెల్లవారుజామునే గిన్నె వచ్చింది."

ఏటి అవతలి ఊరికి కబురు వెళ్ళింది. అక్కడి గురువులు పిలవడమే ఆలస్యమన్నట్టు వచ్చారు.

పండుగనాడు మెలాకు గుడి ప్రహరీ బయట, లోపలికి వెళ్ళకూడని ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాడు. తాబోత్ పక్కన నడిచేవాడికి ముందువాడి మడమలు తప్ప ఏమీ కనపడవు. ఇక్కడినుంచి అంతా కనిపించింది. డోళ్ళు, గొడుగుల రంగులు, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే మంగళధ్వనుల నడుమ ఒక్కసారిగా వంగిన తలలు. ఏటేటా చంకన ఏదో ఒక పసిబిడ్డతో అమ్మ నిలబడింది ఇక్కడే. ఆమె చూసిన పండుగ ఇంత అందంగా ఉండేదని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. పరాయి ఊరివాడి నెత్తిన తాబోత్ ఎదురుగా సాగిపోతుంటే నేలకు వంగి మొక్కాడు.

ఆ ఏటి అవతలి గురువు మలుపు దగ్గర కాస్త తూలాడని మాత్రం ఇప్పటికీ కనబడిన ప్రతివాడికీ చెబుతుంటాడు.