బావ బొంత, లోకేశ్ చింత

"మామా, క్విల్టు రెడీనా?" అని ఫోన్‌లో లోకేశ్‌ను అడిగింది మేనకోడలు నేత్ర. ఫోను స్పీకర్ మీద ఉంది. పక్కనే పట్టుపురుగులకు ఆకు తరుగుతున్న రామలక్ష్మమ్మకు ఆ మాట వేరేగా వినిపించింది.

"గిల్టు యాలరా ఆ బిడ్డకి? మనింట్లో బంగారానికి అంత కరువొచ్చినాదా?" అని కత్తి పైకెత్తి కొడుకును నిలదీసింది.

"గిల్టు కాదమ్మా, ఏదో స్కూలు పని," అన్నాడు లోకేశ్. అబద్ధానికి అతుకు వేయడం ఆ పొద్దు అతనికి అదే మొదలు.

నిజం చెప్పే వీల్లేదు. బావ గిరీశ్ పోయి ఏడాది కావస్తోంది. పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదు, కర్మ లోపలే ఎవరికైనా ఇచ్చేయాలన్నది రామలక్ష్మమ్మ శాసనం. అక్క ప్రతిమ పంచెలూ తెల్లచొక్కాలూ ఇచ్చేసింది గానీ, బావ రోజూ తొడుక్కున్న జీన్సు ప్యాంట్లు, చలికాలపు ఫ్లానెల్ చొక్కాలు మాత్రం తల్లికి తెలియకుండా దాచుకుంది. ఫోన్‌లో ఎక్కడో చూసి వాటిని బొంతగా, తన మాటల్లో క్విల్టుగా, కుట్టిద్దామన్నది నేత్ర. ప్రతిమ మూట కట్టి తమ్ముడి చేతిలో పెట్టింది.

"లోకా, దీంట్లో మీ బావ వాసన ఉండాది. ఉతకద్దు. ఇది గూడా పోతే నాకింకేం మిగల్దురా," అంది.

ఆ బొంత కోసమే అక్కా మేనకోడలూ మధ్యాహ్నానికి బాగేపల్లి నుంచి వస్తున్నారు. చింతామణికి పోయి టైలరు దగ్గర బొంత తీసుకోవాలి, అమ్మ కంట పడకుండా అక్క సంచిలో పెట్టాలి. పథకం సూదిలా సూటిగానే ఉంది. చిక్కంతా దారంతోనే వచ్చింది.

బండి తీస్తుంటే తల్లి అడ్డం వచ్చింది. "చింతామణికేనా? గోనెపట్ట తేరా. చెప్పీ చెప్పీ నా నోరు చినిగింది గానీ పట్ట మాత్రం రాలే!"

పురుగులు నాలుగోసారి పొర విడిచి, అంటే నాలుగో జ్వరం లేచి, ఆకు మీద పడి మేస్తున్న రోజులవి. పురుగుల ఇంట్లోకి ఎవరు పోయినా గుమ్మంలో బ్లీచింగ్ నీళ్లతో తడిపిన గోనెపట్ట తొక్కే పోవాలి. లేకపోతే కాళ్లతో పాటు రోగమూ లోపలికొస్తుంది. పాత పట్టలో పట్ట పోయి పోగులు మిగిలాయి.

"తెస్తాలేమ్మా," అన్నాడు లోకేశ్. అన్న మాట ఊరు దాటకముందే మరిచాడు.

చింతామణిలో టైలరు వెంకటరాయప్ప బొంతను బల్ల మీద పరిచాడు. ఒక గడి జీన్సు, ఒక గడి ఫ్లానెల్, చదరంగం బల్లలా ఉంది. "ఇది బొంత కాదప్పా, పంతం. నా సూదులన్నీ దీంట్లోనే ప్రాణం ఇడిసినాయి," అన్నాడు.

లోకేశ్ ముచ్చటపడి బొంతను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుప్పుమని మల్లెపూల వాసన. బావ బతికుండగా ఏనాడూ మల్లెపూలు పెట్టుకున్న మనిషి కాడు.

వెంటనే పెళ్లాం రూపకు ఫోన్ చేశాడు. "బావ బట్టలు ఉతికినావా?"

"ఉతకకుండా టైలరుకి ఎవురన్నా ఇస్తారా? మల్లెపూల లిక్విడ్ ఏసి రెండుసార్లు ఉతికినా. ఆ ప్యాంట్ల మీది తెల్ల మచ్చలే పోలే."

"అవి ఫ్యాషనే!"

"ఏం ఫ్యాషనో! గోడకి సున్నం కొట్టినట్ల ఉండాది."

వాసనలు జన్మజన్మలకూ వదలవని పెద్దలంటారు. రూప చేతికి చిక్కితే ఒక్క బకెట్టులో వదులుతాయి. ఉతుకు పూర్తయింది, అతుకు పూర్తయింది, ఇక అక్కకు తెలిస్తే తన బతుకూ పూర్తే అనుకున్నాడు లోకేశ్.

ఇంతకీ బావ వాసన ఏది? బాగేపల్లి బస్టాండు వెనక బావ చాటుగా బీడీ కాలుస్తుండగా ఒకసారి చూసిన గుర్తుంది. అదే అయి ఉంటుంది! పరుగెత్తి బీడీ కొనుక్కొచ్చి, వెలిగించి, బొంత మీదికి పొగ ఊదాడు. జన్మలో బీడీ తాగనివాడు. మూడో దమ్ముకు దగ్గు, దగ్గుకు నిప్పురవ్వ, రవ్వకు జీన్సు గడిలో బొక్క.

"అయ్యో సామీ!" అని వెంకటరాయప్ప నీళ్లు చల్లాడు. "ఆయప్పని ఒకసారి కాల్చినారు కదప్పా, మళ్లా యాల?"

"అతుకెయ్యన్నా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"అతుకుదాం. జీన్సు తుండు యాడుండాది? అంతా అయిపాయె."

ఇద్దరి చూపులూ లోకేశ్ ప్యాంటు మీద పడ్డాయి. అది కూడా జీన్సే. కత్తెర కసుక్కుమంది. జేబు ఖాళీ కావడం లోకేశ్‌కు కొత్త కాదు, జేబే లేకపోవడం కొత్త. ఊరిదాకా బండి మీద వెనక నుంచి చలిగాలి అతన్ని పలకరిస్తూనే వచ్చింది.

ముందు ప్యాంటు మార్చుకోవాలి. బొంతను పురుగుల ఇంటి అరుగు మీద పడేసి, ఒక చెయ్యి వెనక పెట్టుకుని ఇంట్లోకి ఉరికాడు. తలుపులోనే రూప ఎదురైంది. గాలి పీల్చి, కళ్లెర్ర చేసింది.

"బీడీ! ఎప్పట్నుంచి?"

"ఈ పొద్దే! బావ కోసం!"

"పోయిన మనిషి మీద తోస్తాండారా? సిగ్గులేదా?"

ఇంటి దేవుళ్లందరి మీదా ఒట్లు వేస్తుండగానే బయట ఆటో ఆగిన చప్పుడు. "అమ్మ యాడ? పురుగుల ఇంట్లోనా?" అన్నది అక్క గొంతు. లోకేశ్ గుండె జారి, ఇప్పుడు లేని జేబులో పడింది. అలాగే పరుగెత్తాడు.

పురుగుల ఇంటి గుమ్మంలో బొంత నిండుగా పరిచి ఉంది. బ్లీచింగ్ నీళ్లు ఓడుతున్నాయి. దాని మీద రెండు కాళ్లూ పెట్టి అక్క నిలబడి ఉంది.

"బాగా తొక్కమ్మా," అంటోంది లోపల నుంచి రామలక్ష్మమ్మ. "నీ తమ్ముడు జన్మకొకసారి నా మాట ఇన్యాడు. పట్ట తెమ్మంటే ఎంత దట్టమైంది తెచ్చినాడో చూడు! ఈ కాలం పట్టలు జీన్సుతో గూడా వస్తాండాయి. బీడీ కంపు కొడ్తాంటే రెండు పిడికిళ్లు పౌడరు ఎక్కువేసినా. ఆ కంపుకి పురుగులు బతుకుతాయా?"

నేత్ర వంగి చూసింది. "అమ్మా... ఇది నాన్న షర్టు."

ప్రతిమ నిప్పు తొక్కినట్టు పక్కకు దూకింది. లోపల పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు సన్నటి వానలా వినిపిస్తోంది.

లోకేశ్ మట్టిలో కూలబడ్డాడు. గిల్టు కాదు క్విల్టన్నాడు. దాచిన బట్టల సంగతి, మల్లెపూల సంగతి, బీడీ సంగతి అన్నీ చెప్పాడు. ఎవరూ నమ్మినట్టు కనిపించకపోతే లేచి, వెనక్కి తిరిగి సాక్ష్యం చూపించాడు.

"అల్లుని బట్టలు కాళ్ల కింద ఏయిస్తివి గదరా నాతో, పాపిష్టోడా!" అని రామలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "నాతో ఒక మాట చెప్పకూడదా? నేనేమన్నా పులినా?"

తల్లి పులి అవునో కాదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ప్రతిమ వంగి బొంతను రెండు చేతులా ఎత్తింది. నీలం గడుల మీద తెల్ల మచ్చలు విచ్చుకుంటున్నాయి. దాన్ని ముఖానికి ఆనించుకుంది. ఎంతసేపటికీ తీయలేదు. తీసేసరికి కళ్ల నిండా నీళ్లు. పౌడరు ఘాటుకేమో అనుకున్నాడు లోకేశ్.

"ఇదేరా," అంది.

"ఏదక్కా?"

"మీ బావ వాసన. పురుగులకి యాడ రోగమొస్తాదోనని తెల్లారితే బ్లీచింగ్ చల్లేది, ఆ చేతులు ప్యాంటుకి తుడ్సుకునేది. ఆ మచ్చలు యాడివనుకుంటివి? ఆయప్ప పోయినాక మేం పురుగులు సాకలే. ఇంట్లో ఈ వాసనే లేకుండా పోయిండె."

లోకేశ్ కూడా వాసన చూశాడు. అతనికేమీ తెలియలేదు. రోజూ అందులోనే బతికేవాడి ముక్కు అది.

"పిండి ఆరేద్దునా, వదినా?" అని రూప ముందుకొచ్చింది.

"నువ్వు చెయ్యి పెట్టద్దు తల్లీ!" అన్నారు అక్కా తమ్ముడూ ఒక్కసారే.

ప్రతిమ వేలు ఒక గడి దగ్గర ఆగింది. "ఇదేం, జేబుతో ఉండాది?"

"అది... నాదే అక్కా. కుట్టు ఇప్పించేస్తా."

"ఉండనీలే. మీ బావ జేబుకి అతుక్కోని తిరిగినోడివి నువ్వే కదా," అంది ప్రతిమ. ఏడాది తర్వాత ఆమె నవ్వడం నేత్ర అప్పుడే చూసింది.

రామలక్ష్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంతా బాగుండాది. మరి నా పట్ట యాడరా?"

అందరి చూపులూ మెల్లగా లోకేశ్ ప్యాంటు మీదికి దిగాయి.

ఆ సాయంత్రం పురుగుల ఇంటి గుమ్మంలో, బ్లీచింగ్ నీళ్లలో నానుతూ, ఒక జేబు తక్కువైన జీన్సు ప్యాంటు పడుకుని ఉంది.