నాలుగో తరగతి కాగితాల తూకం

హనోయ్‌కు గంట దూరంలో ఉన్న ఆ ఊరి బడిలో, సోమవారం జెండా వందనం దగ్గర థోవా టీచర్ ఒకే మాట చెప్పింది.

"రేపు ఇంట్లో పనికిరాని కాగితం ఒక్కటి కూడా మిగలకూడదు. ఎర్ర కండువా వేసుకుని బాలదళంలో చేరాక మాటంటే మాటే!"

జిల్లా బడులకు పెట్టే చిత్తుకాగితాల సేకరణ పోటీలో, గెలిచినవాళ్ళకిచ్చే పతాకం ఆమె తరగతికి ఆరేళ్ళుగా రాలేదు. ఈసారైనా రాకపోతే ఇక తల ఎత్తుకోలేనని ఆమె బెంగ.

పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. మంగళవారం ఏడింటికల్లా, బడికి కాపలా ఉండే లామ్ తాత కాటా మీద నూట తొంభై కిలోలు తూగాయి. హెడ్మాస్టర్ క్వియెన్ గారు ఆ అంకెను అప్పటికప్పుడే జిల్లా ఆఫీసుకు పంపేశారు. థోవా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎనిమిదింటికి ఆ తరగతి పిల్లాడు కియెమ్ వాళ్ళమ్మ ఞాయి, తన ఫో నూడుల్స్ బండి వదిలేసి, గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా, మా పెళ్ళి సర్టిఫికెట్ ఇక్కడికి గానీ వచ్చిందా?"

"అదేంట్రా కియెమ్, పనికిరానివే కదా తెమ్మన్నాను?"

"నాన్నే అన్నాడు టీచర్, అది దేనికీ పనికిరాదని!"

ఞాయి ముఖం కందగడ్డ అయింది. "అన్నాడా! ఇంటికి రానీ, చెప్తా."

ఆమె వెనకే ఇంటి పట్టా కోసం ఒకాయన, తాతగారి పతకం తాలూకు కాగితం కోసం ఇంకొకావిడ వచ్చారు. చూస్తుండగానే గేటు దాకా వరుస కట్టారు. లామ్ తాత కుప్పకు అడ్డంగా చేతులు చాచాడు.

"అంకె పైకెళ్ళిపోయింది. ఇందులో ఒక్క గ్రాము తగ్గినా నేనొప్పుకోను!"

ఇస్తే లెక్క అబద్ధమవుతుంది, పతాకం పోతుంది. ఇవ్వకపోతే ఊరివాళ్ళ గోల.

"తీసుకున్నంత బరువు తెచ్చి పెట్టి, మీ కాగితం పట్టుకెళ్ళండి," అంది థోవా ఏడవలేక నవ్వుతూ.

పెళ్ళి సర్టిఫికెట్ ఎంత తూగుతుంది గనక? అయినా అంత మంది ముందు చిటికెడు కాగితం పెట్టడం నామోషీ అనిపించి, ఞాయి కట్టెడు పాత క్యాలెండర్లు తెచ్చింది. పట్టా ఆయన తానేం తక్కువ తినలేదని రెండు బస్తాల అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. మధ్యాహ్నానికి మూడు వందల నలభై కిలోలయింది.

కాటా చూసి క్వియెన్ గారు తల పట్టుకున్నారు. "ఎక్కువొచ్చినా అంకె తప్పేగా తల్లీ! ఇప్పుడు పైవాళ్ళకేం చెప్పను?"

ఉన్నది ఉన్నట్టు కొత్త అంకె పంపి, ఇద్దరూ సంజాయిషీ కాగితం ఎలా మొదలుపెట్టాలా అని కూర్చున్నారు. నాలుగింటికి జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. క్వియెన్ గారు లేచి నిలబడి విన్నారు.

"పతాకం నీకేనమ్మా! ఒక్క పూటలో తల్లిదండ్రులను అలా కదిలించిన పద్ధతేమిటో, జిల్లాలోని నలభై బడులకూ రాసి పంపమంటున్నారు."

థోవాకు సంతోషంతో కళ్ళనీళ్ళు ఆగలేదు. అబద్ధం రాయడం చేతకాని మనిషి కనుక, జరిగింది జరిగినట్టే రాసి పంపింది.

నలభై బడులూ ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాయి. మరుసటి వారానికి జిల్లా మొత్తంలో పెళ్ళి సర్టిఫికెట్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు.