గంగాదాసు మేపిన బీపీ ఎలుక

ఆ ఆదివారం పొద్దున గంగాదాసు అనుకున్న పని ఒక్కటే. పక్కింటి నసీర్ బిడ్డ యుస్రా హైదరాబాదు నుంచి వచ్చేలోగా తన ఎలుకకు బీపీ తెప్పించాలి.

ఆర్మూరు మార్కెట్లో ఇద్దరివీ పక్కపక్క పసుపు కొట్లే. యుస్రా మందుల ల్యాబులో కుదిరినప్పటి నుంచి జనమంతా చాయ్ గ్లాసులతో నసీర్ కొట్టు ముందే చేరుతున్నారు.

"మా యుస్రా వాళ్లు ఎల్కల జీన్ మారుస్తరు. గవి పుట్టుకతోటే బీపీవి. తోకకు పట్టీ కట్టి చూస్తరు, కొత్త మందు పనిచేస్తదా లేదా అని" అని నసీర్ చెప్పినప్పుడల్లా గంగాదాసుకు కడుపు రగిలిపోయేది.

'జీన్ దేనికి? ఉప్పు చాలదా?' అనుకున్నాడు. ఇంటి వెనక గోదాంలో ఓ ఎలుకను పట్టి, బోనులో పెట్టి, వారంగా దొంగచాటుగా ఉప్పు దట్టించిన మామిడికాయ తొక్కు పచ్చడి మేపుతున్నాడు.

జాడీ సగానికి దిగడం భార్య లసుమవ్వ చూసింది. గంగాదాసుకు బీపీ ఉంది. డాక్టరు తొక్కు వాసన కూడా చూడొద్దన్నాడు. గోదాం తలుపుకు చెవి ఆనించింది.

"తినవే, ఇంకో బుక్క తిను. నసీర్‌గాడు కుళ్లి సావాలె" అంటున్నాడు లోపల.

మొగుడే తింటున్నాడనుకుంది. నసీర్ ఇంటికి ఉరికింది. "బిడ్డా యుస్రా, మీ కాక తొక్కంత తింటుండు, తనను తనే బుజ్జగించుకుంటుండు! జర రా తల్లీ!"

అప్పుడే వచ్చిన యుస్రా బీపీ మిషన్ పట్టుకొని పరుగెత్తింది. వెనక నసీర్, వాళ్ల వెనక వాడకట్టంతా. తలుపు ధనాలున తెరుచుకోగానే గంగాదాసు ఉలిక్కిపడ్డాడు, బోను బస్తాల చాటున బోర్లాపడింది, ఎలుక పసుపు బస్తాల్లోకి దూరింది. మిగిలింది ఎర్రటి చేతులతో గంగాదాసు, ముందు జాడీ.

"గిదేంది గంగాదాస్?" అన్నాడు నసీర్.

ఎలుక లేకుండా ఎలుక సంగతి చెబితే నసీర్ ఏడాదిపాటు నవ్వుతాడు. "వారం సంది నేనే తింటున్న" అన్నాడు గంగాదాసు.

"వారం సంది గింతనా కాకా?" యుస్రా పట్టీ చుట్టింది. నూట తొంభై బై నూట పది. "యా అల్లా! ఇయ్యాల్నే దవాఖానకు పోవాలె. మీ నాయిన్కు గూడ బీపీ ఉండెనా?"

"నాయిన్కు, తాతకు గూడ."

"అయితే నీకు గూడ పుట్టుకతోటి వచ్చిందే అయ్యుంటది కాకా. మా ఎల్కలకు మేం జీన్ మార్చాలె, నీకు గా అవసరం గూడ లేకుండె."

దవాఖానలో రెండు రోజులుండి, కొత్త మాత్రలతో కొట్టు తెరిచేసరికి మార్కెట్టు మార్కెట్టంతా గంగాదాసు ముందే ఉంది. "నూట తొంభయ్యా! ఎట్ల బతికినవే?" అని ఒకరు, "జీన్ల ఉన్నదట గదా!" అని ఇంకొకరు. నసీర్ కొట్టు ముందు చాయ్ గ్లాసు ఒక్కటీ లేదు.

సాయంత్రం నసీర్ కూతురి ముందు చెయ్యి చాపి, "జర మంచిగ చూడు బేటీ" అన్నాడు.

నూట ఇరవై బై ఎనభై వచ్చింది. ఆ పూట అతను అన్నం సరిగా తినలేదు.