పెంకు మీద నా పేరు

చరిత్ర పుస్తకం చివర "ముఖ్య పదాలు" అని నాలుగు పేజీలు అంటించిన పెద్దమనుషులారా, నా కాపురాన్ని వీధిలోకి ఈడ్చింది మీరే. ఇంకెవరి మీదా నాకు అనుమానం లేదు.

సామ్రాజ్యం దగ్గర మొదలుపెట్టి మత సంస్కరణ దాకా, వేల ఏళ్ళ జనం ఏడుపునంతా పదానికో వాక్యం చొప్పున కుదించి పారేశారు. "గణతంత్రం: వంశపారంపర్య రాజరికం లేని పాలనా విధానం." వంశపారంపర్యం అంటే తెలిసినవాడికి గణతంత్రం తెలియదా? కళ్ళజోడు కనబడటం లేదన్నవాడికి, కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోమన్నట్టుంది మీ వ్యవహారం.

యూనియన్ మిత్రులారా, జరిగింది వినండి. మా ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. టెంపరరీ ఉద్యోగం. పదో తరగతి పాసైన వాళ్ళనే ఉంచుతాం, మిగిలినవాళ్ళు ఇళ్ళకు పోవచ్చని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆవిడ బుర్ర కుట్టుమిషను లాంటిది. లెక్కలూ సైన్సూ చకచకా కుట్టేసింది. చరిత్ర దగ్గర దారం తెగింది. ముడి వేసి మళ్ళీ రాసింది, మళ్ళీ తెగింది. ఇక మిగిలింది ఆఖరి అవకాశం.

పాపం, ఆవిడ ఇస్త్రీ చేస్తూ కూడా "భూస్వామ్యం, భూస్వామ్యం" అని గొణుక్కుంటూ నా తెల్ల చొక్కా మీద ఓ చిన్న రాజ్యమంత మచ్చ కాల్చింది. నా భయం ఇంకో రకం. లేత్ మిషను మీద పనిచేస్తూ యూనియన్‌లో ఉపన్యాసాలిస్తాను గనక అందరూ నన్ను మైకు అంటారు. మైకుకు భయం వేస్తే ఏం చేస్తుంది? సౌండు పెంచుతుంది.

పదాలు బట్టీ పడితే రావు, బతికితే వస్తాయని ప్రకటించాను. మీకు బోనస్ చట్టం అలాగే నేర్పాను, ఒకణ్ణి యజమానిగా నిలబెట్టి మిగతావాళ్ళచేత తిట్టించి. చట్టం ఎంత గుర్తుందో తెలియదు గానీ తిట్లు ఇప్పటికీ పొల్లు పోకుండా చెబుతారు. కాబట్టి పరీక్ష దాకా మా ఇల్లు ఒక్కో పదం ప్రకారం నడవాలని తీర్మానం. నేనే ప్రవేశపెట్టి, నేనే బలపరిచి, నేనే చప్పట్లు కొట్టాను.

మొదట సామ్రాజ్యం. చక్రవర్తి ఎవరో చెప్పక్కర్లేదు. మా అత్తగారేమో నేను జయించిన భూభాగం. ఓడినవాళ్ళ అలవాట్ల జోలికి మంచి చక్రవర్తి పోడు గనక ఆవిడ టీవీని ఆవిడకే వదిలేశాను. వంటగది రాష్ట్రం నుంచి కప్పంగా మొదటి టీ నాకు రావాలి. వచ్చింది.

"ఇదంతా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్నదే కదండీ. కొత్తగా ఏం నేర్చుకున్నట్టు?" అంది మా ఆవిడ.

వెంటనే భూస్వామ్యంలోకి దూకాను. స్నానాలగదిని అత్తగారికి జాగీరుగా రాసిచ్చాను. ఎవరికి స్నానం కావాలన్నా ముందు ఆవిడకు సేవ చేయాలి. మా బావమరిది ఒకడున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, మిగతా వేళంతా మా హాల్లో సోఫాకు అతుక్కుని ఉంటాడు. సోఫాదొర అని పిలుస్తాను. ఆ దొర కన్నతల్లి గది బూజు దులిపి, ఫ్యాను తుడిచి, తల మీద నీళ్ళు పోసుకునేసరికి షాపు తెరిచే వేళ దాటిపోయింది. నేను చక్రవర్తిని కదా అని నేరుగా వెళ్ళబోతే, భూస్వామ్యంలో రాజు పేరుకే రాజని చెప్పి అత్తగారు గడియ పెట్టుకుంది. ఆ పాఠం చెప్పిన నోరు నాదే. ఆ రోజు లేత్ దగ్గర స్నానం లేని నా పక్కన మీరెవరూ నిలబడలేదు.

ఆ తరువాత నగర రాజ్యాలు. ఏ గదికి ఆ గదే స్వతంత్రం, తలుపులు బిగింపు. హాలుకూ వంటగదికీ యుద్ధం వచ్చి ఉప్పు సరఫరా ఆగింది. చప్పిడి కూర తిని సోఫాదొర సంధికి వచ్చాడు.

ఈ గొడవలో మా ఆవిడ పెరటి మెట్ల మీద, చెవుల్లో దూది పెట్టుకుని చదువుకునేది. నేను దూది లాగి "సామంతుడంటే?" అనేవాణ్ణి. చెప్పేది. "గట్టిగా." చెప్పేది. "ఖాయమేనా?" అనగానే ముఖం పాలిపోయి, తెలిసింది కాస్తా మరిచిపోయేది. బస్టాపులో అడిగాను. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తుండగా అడిగాను. అన్నం ముద్ద నోట్లో ఉండగా అడిగాను. అడగకపోతే నా గుండె కుదుటపడేది కాదు.

చివరికి మత సంస్కరణకు వచ్చాం. సంస్కరణ రావాలంటే ముందు అన్యాయం ఉండాలి కదా. అందుకని, పూర్వం చర్చి డబ్బుకు అమ్మినట్టు, పాప పరిహార పత్రాలు పుట్టించాను. నా బూట్లు పాలిష్ చేస్తే ఒక తప్పు మాఫీ, వీపు రుద్దితే రెండు. సోఫాదొర అయితే రాబోయే తప్పులకు కూడా ముందే పత్రాలు పోగేసుకున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే, ఆ కాలపు సన్యాసి ఒకడు చర్చి తలుపుకు కొట్టినట్టే, పడకగది తలుపు మీద మా ఆవిడ అంటించిన అభ్యంతరాల కాగితం. పాఠం ఒంటబట్టిందని పొంగిపోయి, ఎర్ర పెన్నుతో టిక్కు కొట్టి, "భేష్" అని రాశాను. లోపల ఏం రాసిందో మాత్రం చదవలేదు.

పరీక్ష దగ్గర పడింది. ఒక్క పదం మిగిలిపోయిందని మా ఆవిడ పుస్తకం పట్టుకొచ్చింది. పెంకుల ఓటు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్సులో ఎవడైనా మరీ పెద్దవాడైపోతున్నాడనిపిస్తే, పౌరులంతా కుండపెంకుల మీద పేరు గీకేవారు. ఎక్కువ పెంకులు ఎవడి మీద పడితే వాడు పదేళ్ళు ఊరు విడిచిపోవాలి. నేరం చూపించక్కర్లేదు, వాదన వినక్కర్లేదు, ఆస్తి మాత్రం వాడిదే. ఇదంతా చేతులు ఊపుతూ చెప్పాను. చెబుతుంటేనే నా బుర్రలో దీపం వెలిగింది. సోఫాదొరను సాగనంపడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఏముంది? ఇల్లు నిశ్శబ్దమవుతుంది, ఆవిడ చదువుకుంటుంది, నేను సోఫా మీద కాళ్ళు చాపుకుంటాను.

విరిగిన కప్పు ఒకటి తీసి పెంకులు చేసి, తలా ఒకటి పంచాను. లెక్కింపుకు నేనే అధికారిని. మొదటి పెంకు తీశాను, సోఫాదొర. అది నా దస్తూరీ. రెండోది, మైకు. మూడోది, మైకు. నాలుగోది అత్తగారిది. ఆవిడకు రాయడం రాదు, మైకు బొమ్మ వేసింది.

పౌరుల సంఖ్య చాలదు, ఓటు చెల్లదు అన్నాను. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ వేశారుగా బావా అన్నాడు సోఫాదొర, అప్పుడే నా తలగడ సంచిలో సర్దుతూ. మా ఆవిడ వైపు తిరిగి, నీకోసం ఇంత చేస్తే నువ్వు కూడానా అన్నాను.

ఆవిడ తల దించుకుని పెంకులు ఏరుతూ చెప్పింది. "నాకు భయంగానే ఉందండీ. కానీ నా భయం నేను ఎలాగో పడతాను. మీ భయం కూడా నన్నే మొయ్యమంటే ఎలా? తలుపు మీద రాసింది కూడా అదే. మీరు మార్కులు వేసి ఊరుకున్నారు."

మైకు తీగ నేనే చుట్టుకున్నాను. సంచి తీసుకుని యూనియన్ ఆఫీసుకు నడిచాను.

అప్పట్నుంచీ బల్ల మీద, జెండా గుడ్డలు పరుచుకుని పడుకుంటున్నాను. పరీక్ష రోజున రోడ్డుకు అటువైపు దాక్కుని, నోరు చేత్తో మూసుకుని నిలబడ్డాను. బయటికి వచ్చేటప్పుడు ఆవిడ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఏం రాసిందో అడగకుండా వెనక్కి తిరిగాను. ఇంత కష్టమైన పని నేను సమ్మెల్లో కూడా చేయలేదు.

నిన్న ఫలితాలు వచ్చాయి. పాసైంది. ఉద్యోగం నిలిచింది. సంచి భుజాన వేసుకుని ఇంటికి పరిగెత్తాను. తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"పదేళ్ళని మీరే చెప్పారుగా," అంది మా ఆవిడ సందులోంచి.

పరీక్ష అయిపోయింది కదే అన్నాను.

"మధ్యలో పిలిచే వీలు ఒకటుందండీ. శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు ఏథెన్సువాళ్ళు వెలివేసినవాళ్ళను వెనక్కి పిలిచారట. పాఠంలో ఆ కింది పేరాలోనే ఉంది. మీరు అక్కడిదాకా రాలేదు."

తలుపు మూసుకుంది. లోపల ఆవిడ పగలబడి నవ్వడం వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

కాబట్టి మిత్రులారా, ఇక తీర్మానాలు వద్దు, చర్చలు వద్దు. ఈ సాయంత్రం షిఫ్టు దిగగానే మీరంతా కలిసి నా ఇంటి మీదికి దండెత్తి రావాలి. గేటు దగ్గర గట్టిగా అరవాలి. లోపలి వాళ్ళు నన్ను పిలిచేదాకా వెనక్కి తగ్గకూడదు. వచ్చేటప్పుడు కాళ్ళు మాత్రం శుభ్రంగా తుడుచుకుని రండి, ఆవిడ అప్పుడే గచ్చు కడిగి ఉంటుంది.