ఏడవ సమీకరణంపై తీసుకున్న చర్య

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, బయట సన్నని తుంపర పడుతూ గాలి పూర్తిగా స్తంభించి ఉన్న వేళ, విశ్వవిద్యాలయ గణితశాఖలో ఒక సమీకరణానికి ఘోరమైన అవమానం జరిగినట్లు శాఖాధిపతి గుర్తించారు. గొట్టాలలో నీటి ప్రవాహం గురించి ఆయన శిష్యురాలు రాసిన సిద్ధాంత గ్రంథంలో, ఆయన గురువుగారు కనిపెట్టిన సమీకరణం చివరి అధ్యాయంలో, పేజీ అడుగున, ఊరూపేరూ లేని సమీకరణాల మధ్య నిలబడి ఉంది.

"ఏమ్మా, మా గురువుగారికి ముందు వరసలో కుర్చీ దొరకలేదా?"

"ఆయన అవసరం అక్కడే వచ్చింది సార్."

"అవసరమొచ్చినప్పుడు పిలవడానికి ఆయనేమైనా ప్లంబరా? తీసుకొచ్చి ఒకటో నంబర్లో కూర్చోబెట్టు."

శిష్యురాలు సరేనంది. సోమవారం సాయంత్రం లోగా డాక్టరేటు పట్టా చూపితే ఆమెకు కళాశాలలో అధ్యాపక ఉద్యోగం. చూపకపోతే ఆ ఉద్యోగం తరువాతి అభ్యర్థికి. పైగా పని కూడా సులువే. గ్రంథాన్ని కంప్యూటరులో ఆమే కూర్చింది. ప్రతి సమీకరణానికీ లోపల ఒక గుర్తింపు పేరు పెట్టి, నంబర్లు వేసే బాధ్యత యంత్రానికి అప్పగించింది. గురువుగారు ముందుకు రాగానే అంతవరకూ ఆయనకు ముందున్నవన్నీ వినయంగా ఒక్కొక్క స్థానం వెనక్కి జరిగాయి. "ఏడవ సమీకరణం చూడుడు" అని ఉన్న చోటల్లా "ఎనిమిదవ సమీకరణం చూడుడు" అని దానంతటదే మారింది. ఎవరి సంతకమూ లేకుండా ఇంత పని జరగడం ఆ ప్రాంగణంలో అదే మొదటిసారి.

అంతకు ముందే గ్రంథం చదివిన పరీక్షకుడు తన నివేదికలో ఒక దోషం చూపించి ఉన్నారు: ఏడవ సమీకరణంలో మైనస్ గుర్తు లేదు, చేర్చాలి. అది లేకపోతే నీరు పల్లం నుంచి మెరకకు పారుతుంది. ఆమె ఆ గుర్తును భక్తిగా చేర్చి, గ్రంథాన్ని పరీక్షల విభాగానికి సమర్పించింది. అక్కడి సూపరింటెండెంటుకు గణితం రాదు. అందువల్లే తన తీర్పు నిష్పాక్షికమని ఆయన అందరికీ చెబుతుండేవారు.

"ఏడులో మైనస్ పెట్టమన్నారు. ఏదమ్మా మైనస్?"

"పాత ఏడు ఇప్పుడు ఎనిమిదైందండీ. ఎనిమిదిలో పెట్టాను."

"ఎనిమిది జోలికి నిన్నెవరు వెళ్ళమన్నారు? దాని మీద కంప్లయింటే లేదే!"

"నంబర్లు వాటంతటవే మారాయండీ."

"వాటంతటవే మారితే ఇంక ఈ ఆఫీసెందుకు?"

ఆమె పరీక్షకుడి చేత వివరణ రాయిస్తానంది. ఆయన రిటైరయ్యారనీ, ఆయన వాక్యం మాత్రం సర్వీసులోనే ఉందనీ సూపరింటెండెంటు తెలియజేశారు.

ఆమె శాఖాధిపతి దగ్గరికి పరుగెత్తి, గురువుగారిని పాత చోటికే పంపుదామని వేడుకుంది.

"పెద్దాయన్ని పిలిచి కూర్చోబెట్టి, మళ్ళీ లేవమంటావా? నీకు నోరెలా వచ్చిందమ్మా?"

శుక్రవారం సాయంత్రం ఇంట్లో అక్క విషయమంతా విని, తడి జుట్టు తుడుచుకుంటూ తేల్చేసింది: "నీళ్ళు ఎటు పారితే నీకేంటే? కొళాయి తిప్పితే వస్తున్నాయిగా! ముందు ఆ పట్టా తెచ్చుకో."

సోమవారం ఉదయం ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. లోపలికి వెళ్ళిన నీరంతా బయటికి వస్తుందని చెప్పే కొత్త ఏడవ సమీకరణం నిక్షేపంగా ఉంది. దానికి మైనస్ తగిలించింది. ఎనిమిదిలో ఉండవలసిన మైనస్ తీసేసింది. నివేదిక అక్షరాలా అమలైంది. సూపరింటెండెంటు కళ్ళద్దాలు సవరించుకుని, "చూశావా, మనసు పెడితే తప్పులు ఎంత తేలిగ్గా పోతాయో!" అని ముద్ర వేశారు.

అభినందన సభలో శాఖాధిపతి గద్గద స్వరంతో ప్రసంగించారు: "మిత్రులారా! అట్టడుగున ఉన్నది పైకి రావాలని మనం దశాబ్దాలుగా కేవలం కోరుకుంటున్నాం. నీటి విషయంలో మా అమ్మాయి దాన్ని సాధించి చూపింది. ఇది గణితం మాత్రమే కాదు, సామాజిక న్యాయం!" చప్పట్లు చాలాసేపు మోగాయి. శిష్యురాలు కూడా కొట్టింది.

పన్నెండేళ్ళ తరువాత, ఆ గ్రంథం పాఠ్యపుస్తకంగానూ ఆమె శాఖాధిపతిగానూ స్థిరపడ్డాక, వార్షిక పరీక్షలో ఒక విద్యార్థిని, నీరు ఎటు పారుతుందో చెప్పే సమీకరణానికి మైనస్ గుర్తు పెట్టింది. కొత్త శాఖాధిపతి తన పుస్తకం తెరిచి, ఎనిమిదవ సమీకరణంతో సరిపోల్చి, ఆ జవాబుకు సున్నా వేసింది.