కొసరు వద్దన్న క్లాసు

మంగళవారం పొద్దున హెర్మినియా టీచర్ వేసుకున్న పథకంలో ఎక్కడా చిక్కు లేదు. ఐదో తరగతి పిల్లలు గుంపుకి ఇరవై బొలీవియానోల డబ్బు పట్టుకుని పునాతా ఊరి సంతకి వెళతారు, వేరుశనగ సూపుకి కావలసినవి కొంటారు, లెక్క రాస్తారు. పదకొండింటికి బడుల ఇన్‌స్పెక్టర్ దోన్ రొమూలో వచ్చి చూస్తాడు. లెక్క సరిపోతే వారానికో గంట ఈ సంత లెక్కల క్లాసు నిలుస్తుంది. లేదంటే రద్దు. ఆ మాట ఆయన ఫోన్లోనే చెప్పేశాడు. రెండేళ్లు పోట్లాడి తెచ్చుకున్న గంట అది. పుస్తకం లెక్కలంటే నోరు మెదపని పిల్లలు ఆ గంటలో నోరు మూయడం లేదు.

"చీటీలో రాసిందానికీ సంచిలో ఉన్నదానికీ వీసమెత్తు తేడా రాకూడదు. కొన్నంతే తేవాలి," అని మూడుసార్లు చెప్పి పంపింది. కొసరు సంగతి ఆవిడకి తట్టనేలేదు. పుట్టి బుద్ధెరిగాక కొసరు లేకుండా ఉల్లిపాయ కొన్న మనిషి కాదు మరి, దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఎలా తోస్తుంది?

తట్టింది దెయ్సికి. పదేళ్ల పిల్ల, చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చేస్తుంది. దుంపలమ్మే దోన్యా కసిల్దా దగ్గర రెండు కిలోల బంగాళాదుంపలు తూయించి పన్నెండు ఇచ్చింది. కసిల్దా ఎప్పట్లాగే ఇంకో మూడు దుంపలు సంచిలో పడేసింది. దెయ్సి ఆ మూడూ తీసి త్రాసు పక్కన పెట్టింది.

"ఇవి వద్దండీ."

"కొసరే పిల్లా! మీ అమ్మకి రోజూ ఇచ్చేదే."

"వద్దండీ, తేడా వస్తుంది."

"తేడానా? నా తూకంలోనా?"

"మా టీచర్ ఒప్పుకోరు."

ఆ ఊళ్లో కొసరు వెనక్కివ్వడమంటే ఇక నీ కొట్టు గడప తొక్కనని మొహమ్మీద చెప్పడమే. కసిల్దా తెల్లటోపీ సర్దుకుని ఆ మూడింటికి మరో మూడు కలిపి సంచిలో వేసింది. దెయ్సి ఆరూ తీసింది. అవతల ఉల్లిపాయల దగ్గర, వేరుశనగల దగ్గర తక్కిన గుంపులూ ఇదే పని మీద ఉన్నాయి. పావుగంటలో మాట సంత చుట్టి వచ్చింది. బడివాళ్లు పిల్లల్ని పంపి తూకాలు తనిఖీ చేయిస్తున్నారట. నూనె కొట్టు చేరేసరికి అది ఇంకా పెరిగింది. సంతంతా దొంగ తూకాలని టీచర్ పైకి రాసిందట, అందుకే ఎవరో పెద్దాయన వస్తున్నాడట.

దోన్ రొమూలో బడి ముందు కారు దిగేసరికి ఆవరణలో పదిహేనుమంది ఆడవాళ్లు, ఎవరి త్రాసు వాళ్లు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. పిల్లల వెంటే వచ్చి, వద్దన్న కొసరంతా దారి పొడుగునా వాళ్ల సంచుల్లో కుక్కేశారు, పంతానికి ఇంకాస్త కలిపి మరీ.

"ముప్ఫై ఏళ్ల నుంచి దుంపలమ్ముతున్నా! నాది దొంగ చెయ్యా? తూచండి, ఇక్కడే తూచండి!" అని కసిల్దా అరుస్తోంది.

"నేనలా అన్లేదు దోన్యా కసిల్దా..." హెర్మినియా మొహం పాలిపోయింది.

"మరి నీ పిల్ల కొసరెందుకు తిప్పికొట్టింది?"

ఇన్‌స్పెక్టర్ ఇదంతా ఓపిగ్గా విని, "ఇంతకీ లెక్క సరిపోయిందా టీచర్?" అన్నాడు.

ఎలా సరిపోతుంది? సంచులు చీటీల కన్నా మూడు కిలోలు ఎక్కువ తూగుతున్నాయి. "లేదు సార్," అంది హెర్మినియా. గంట పోయినట్టేననుకుంది.

"సరిపోయింది టీచర్," అంది దెయ్సి. కొన్నవి, ఖర్చు అన్న రెండు గళ్ల పక్కన నోటుబుక్కులో వంకరగా మూడో గడి గీసి ఉంది. దాని పైన 'కొసరు' అని రాసి, కింద అన్ని సంచుల్లోని ప్రతి దుంపా, ఉల్లిపాయా ఎక్కించింది. "ఒక్కటే తెలీలేదు," అని కసిల్దా వైపు తిరిగింది. "ఇన్ని ఊరికే ఇచ్చేస్తే మీకేం మిగులుతుందండీ?"

కసిల్దా అరుపు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఆవిడని ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"ఊరికే ఎవరిస్తారే? బస్తా రెండువందల పది. నలభై ఆరు కిలోలుంటుంది. నేను నలభై రెండే అనుకుంటా. అంటే కిలో నాకు ఐదు పడుతుంది. మీద ఒకటి వేసుకుని ఆరుకిస్తా. తక్కిన నాలుగు కిలోలూ కొసరుకి. ముందే తీసిపెట్టుకోకపోతే సాయంత్రం చేతులూపుకుంటూ ఇంటికెళ్లాలి."

"కొసరు మిగిలిపోతే?"

"ఆ రాత్రికి మా ఇంట్లో సూపు."

పిల్లలు గబగబా రాసుకున్నారు. హెర్మినియా కూడా రాసుకుంది. బడి గడప ఎక్కని మనిషి, త్రాసు చంకన పెట్టుకుని, తను పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న బడ్జెట్ పాఠాన్ని నాలుగు ముక్కల్లో తనకన్నా శుభ్రంగా చెప్పేసింది. టీచరుకి కాస్త సిగ్గేసింది, అంతకు పదింతలు ముచ్చటేసింది.

పిల్లల కోసం వండిన సూపు, కొసరు పుణ్యమా అని, ఆ పదిహేనుమందికీ కూడా వచ్చింది. దోన్ రొమూలో రెండో గిన్నె ఖాళీ చేసి, కాగితం తీసి, 'వారానికి ఒక గంట, మంజూరు' అని రాసి చేతికిచ్చాడు.

హెర్మినియా కాగితం అందుకుంది గానీ కదల్లేదు.

"మరి... కొసరు, సార్?"

పదిహేనుమంది ఆడవాళ్లూ చెంచాలు ఆపి ఆయన వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, కాగితం వెనక్కి తీసుకుని, గంటని గంటన్నర చేశాడు.

దెయ్సి ఆ అరగంటని మూడో గడిలో రాసుకుంది.