ఉన్నచోటే నడిచే నాగరికత

రోడ్డు మీద నడిచేవాళ్ళని చూస్తే నాకు జాలి. ఇంకా ఎక్కడికో చేరాలని నడుస్తున్నారు పాపం! నాగరికత తెలిసిన మనిషి ఉన్నచోటే నడుస్తాడు.

పర్చూరులో ఆ నాగరికత ముందు మా ఇంటికే వచ్చింది. "మోకాళ్ళకి అదురు తగలకుండా నడవాలమ్మా" అన్నాడు ఎముకల డాక్టరు. అంతే! మా అబ్బాయి లక్ష్మీకాంత్ ఎలిప్టికల్ అనే యంత్రం కొంటానన్నాడు. నిలబడి తొక్కే సైకిల్ లాంటిది. పాదం పెడల్ మీంచి లేవదు, మనిషి గది దాటదు. ఇంతకన్నా ఏం కావాలి?

దాన్ని ఎంచడానికి మా మరిది బుల్లయ్యని గుంటూరు షోరూముకి వెంటబెట్టుకెళ్ళాం. ఆయన చూడనిదే మా ఇంట్లోకి ఎద్దు రాలేదు, యంత్రం మాత్రం ఎలా వస్తుంది? ఆయన దాని చుట్టూ తిరిగాడు. వెనక తట్టాడు. వంగి కాళ్ళ సందున చూశాడు.

"ఏదీ, నడిపించు" అన్నాడు.

"ఇది నడవదండీ. మనమే నడవాలి" అన్నాడు టై కట్టుకున్న సేల్స్‌మన్.

"నడవని దాన్ని ఎవడు కొంటాడయ్యా!" అంటూనే బుల్లయ్య భుజం మీది తువ్వాలు తీసి సేల్స్‌మన్ చేతి మీద కప్పాడు. పశువుల సంతలో వేళ్ళతోనే ధర చెప్పి బేరమాడినట్టు దాని కింద అతని వేళ్ళు పట్టుకున్నాడు. అతను బెదిరిపోయి చెయ్యి లాక్కున్నాడు.

"ఫిక్సెడ్ రేటండీ!"

"సరేలే. దీని జత ఏదీ?"

"జత ఉండదండీ. ఇది ఒక్కరికే."

"ఒంటెద్దుని అంటగడతావా మాకు?"

సేల్స్‌మన్ నవ్వాడు. లక్ష్మీకాంత్ నవ్వాడు. బడి మొహం చూడకపోయినా పేపరు చదవడం నేర్చినదాన్ని కదా, నేనూ నవ్వాను.

యంత్రాన్ని వీధి కిటికీ ముందు పెట్టించాం. దాని మేలు ఏమని చెప్పను! బయటైతే కుక్కలు, పత్తి లారీలు. అంతకన్నా ప్రమాదం, పక్కన మనిషి. నాకు రహమతున్నీసా ఉండేది. పొద్దున్నే మిరపకల్లాల పక్కనుంచి కాలువ దాకా కలిసి నడిచేవాళ్ళం. దారి పొడవునా ఆవిడ కోడలి మీద ఆవిడ, నా కోడలి మీద నేను. ఎంత టైము వేస్టు! పైగా తిరిగొచ్చాక మసీదు సందు దగ్గర విడిపోవాలి. "వస్తా వదినా" అని ఆవిడ సందులోకి తిరిగితే, రేపు ఈ మనిషి కనిపిస్తుందో లేదో అని నా గుండె దడదడలాడేది. ఎలిప్టికల్ మీద ఆ అదురు కూడా లేదు!

కొత్తలో ఆవిడ గేటు దగ్గరకొచ్చి కేకేసేది.

"ఏం వదినా, రావా?"

"నా నడక ఇంట్లోనే అయిపోయింది. నువ్వెళ్ళు!" అన్నాను కిటికీలోంచి, తొక్కుతూనే.

"గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుంది. నువ్వేం తీస్తున్నావమ్మా?" అని వెళ్ళిపోయింది.

అసూయ! కాక మరేమిటి? మర్నాటి నుంచి కేకెయ్యడమూ మానేసింది. హాయి.

నిన్న పొద్దున కిటికీలోంచి చూశాను. ఒక్కతే వెళ్తోంది. చేతిలో కర్ర. ఆ కర్ర ఎప్పుడొచ్చిందో నాకు తెలియనే తెలియదు. గబగబా తొక్కాను. చెమటలు కారేలా తొక్కాను. ఆవిడ ఆగి ఆగి, కర్ర పోటేసుకుంటూ వెళ్ళి కాలువ మలుపు తిరిగిపోయింది. నేను చాలా దూరం వచ్చేశానని యంత్రం మాత్రం అంకెలు వెలిగించి మరీ చూపించింది.

కాబట్టి అందరూ కొనండి. మంచి కిటికీ చూసి పెట్టుకోండి. కొనేముందు మాత్రం మా బుల్లయ్యలాగే జత ఏదని అడగండి. సేల్స్‌మన్ నవ్వుతాడు. మీరు నవ్వకండి.